లైనులో హోరు

కథ ఎక్కడ ఆగిందో రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు వెళదాం. చెవిమిషన్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తున్న కోడలు, తాను రెండేళ్లు కూర్చుని రాసిన ‘వడపోత’ను ఇరవైమంది చెవుల్లో పెట్టి పరీక్షిస్తోంది. చుట్టూ ఉన్న చప్పుళ్లన్నీ తీసేసి మనిషి మాటను మాత్రం చెవిలో వేయడం ఆ వడపోత చేసే పని. ఆ ఇరవైమందిలో ఏడో నంబరు ఆమె అత్తగారే. ముప్పై ఒక్కేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. మూడేళ్లుగా ఆవిడకు చెవులు మందగించాయి. సోమవారం మధ్యాహ్నం మిషను ప్లాస్టిక్ డొప్పకు ఉక్కు అచ్చు కోయమని ఆర్డరు వెళ్లిపోతుంది. అచ్చు కోశాక ఇక మార్పులుండవు. శనివారం సాయంత్రం కోడలు అత్తగారి మిషనును కంప్యూటరుకు తగిలించింది. మిషను ఎవరి మాటలూ దాచుకోదు. ఎన్నింటికి పెట్టుకున్నారో, ఎన్నింటికి తీశారో మాత్రం రాసుకుంటుంది. ఇరవై ఒక్క రోజుల లెక్క తెర మీద కనిపించింది. రోజుకు పదకొండు నిమిషాలు. సాయంత్రం ఆరూ నలభై నుంచి ఆరూ యాభై ఒకటి దాకా.

ఆరూ నలభైకి కోడలు ఇంటికొస్తుంది. వస్తూనే, “అత్తయ్యా, ఎలా వినిపిస్తోంది?” అని అడుగుతుంది.

పరీక్ష కోసం ఇచ్చిన నోటుపుస్తకంలో మాత్రం అత్తగారి గుండ్రటి దస్తూరీలో రోజూ ఒకే మాట ఉంది. ‘పొద్దున్నుంచీ పెట్టుకునే ఉన్నాను. చాలా బాగా వినిపించింది.’

ఆ రాత్రి కోడలు ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆదివారం పొద్దున మాత్రం ఆగలేకపోయింది.

అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. లెక్కల మాస్టారైన కొడుకు వంటగట్టు దగ్గర నిలబడి, కొలబద్ద పెట్టి కొలిచినట్టు అన్నీ ఒకే పొడుగులో ఉండేలా బీన్స్ తరుగుతున్నాడు. కోడలు లెక్క అచ్చేసిన కాగితాన్ని తెచ్చి, అత్తగారి పేపరు మీద పెట్టింది. పక్కనే నోటుపుస్తకం పెట్టింది.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని కాగితం చూశారు. పుస్తకం చూశారు. మళ్లీ కాగితం చూశారు.

“ఇది కూడా రాస్తుందా ఈ మిషను?” అన్నారు చివరికి.

“రాస్తుంది.”

“ఆ మాట ముందే చెప్పాల్సింది.”

“ముందే చెబితే ఏం చేసేవారు?”

“రోజంతా ఆన్ చేసి డ్రాయర్లో పెట్టేదాన్ని,” అన్నారు అత్తగారు ఏ మాత్రం తడుముకోకుండా.

గట్టు దగ్గర కత్తి చప్పుడు ఆగింది. కొడుకు నవ్వు ఆపుకోవడానికి సింకు వైపు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

కోడలికి నవ్వు రాలేదు. “ఇరవై ఒక్క రోజులు అబద్ధం రాశారా అత్తయ్యా?”

“ఇరవై ఒక్క రోజులు కాదు. మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం కూర్చుని మొత్తం రాసేశాను. అనుమానం రాకుండా మధ్యలో పెన్ను కూడా మార్చాను.”

అత్తగారితో పోట్లాడటంలో ఒక ఇబ్బంది ఉంది. మెల్లగా కోప్పడితే ఆవిడకు వినపడదు. అందుకే కోడలికి ఉన్న కోపం పావలా వంతే అయినా గొంతు మాత్రం రూపాయంత లేచింది.

“రేపు ఈ పుస్తకం చూసే అచ్చు కోయిస్తారు! ఇరవైమందికీ నచ్చిందని నేనే సంతకం పెట్టాలి. నచ్చకపోతే నచ్చలేదని ఒక్క ముక్క రాయలేకపోయారా? వేరే ఎవరైనా ఇచ్చి ఉంటే ఇలాగే చేసేవారా?”

ఎదురింటి కిటికీ తలుపు ఒకటి మర్యాదగా మూసుకుంది.

“వేరే ఎవరైనా ఇచ్చి ఉంటే మొదటి రోజే చెప్పి మొహాన కొట్టేదాన్ని,” అన్నారు అత్తగారు. “నువ్విచ్చావు కాబట్టే చెప్పలేదు.”

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది.

అత్తగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. “రెండేళ్లు చూశానమ్మా నిన్ను. అన్నం కంచం ముందు కూడా ఆ కంప్యూటరే. మొదటిసారి నా చెవిలో పెట్టినప్పుడు నీ మొహం ఎలా ఉందో తెలుసా? ఆ మొహం చూసి, బాగాలేదని నోరు తెరిచి ఎలా చెప్పను?”

“అంటే మాట సరిగ్గా వినపడలేదా?”

“మాటా? పుస్తకంలో అచ్చేసినట్టు వినపడింది. నువ్వు అడుగుతున్నది మాట గురించి. నేను చెబుతున్నది మాట ఆగిపోయాక సంగతి.” అత్తగారు వేలితో గది చుట్టూ చూపించారు. “నువ్వు మాట్లాడుతున్నంతసేపూ ఉన్నావు. నోరు మూసుకోగానే లేవు. ఎదురుగా కనిపిస్తూనే ఉన్నావు, కానీ లేవు. వంటగదిలో వీడు ఉన్నాడో లేడో తెలియదు. కుళాయి కట్టేశానో లేదో తెలియదు. ఒకరోజు వెనక నుంచి వచ్చి వీడు భుజం మీద చెయ్యి వేస్తే అదిరిపడ్డాను. చేతిలో పాలగిన్నె కిందపడింది. జ్ఞాపకముందా?”

“చెయ్యి జారిందన్నావుగా!” అని సింకు దగ్గర నుంచి గట్టిగా అరిచాడు కొడుకు.

“మరి నీ పెళ్లాం మిషను వల్ల అనమంటావా?”

కోడలు తలవంచుకుని వింటోంది. అత్తగారు కాస్త ముందుకు వంగారు.

“ఎక్స్ఛేంజిలో నా బోర్డు మీద నలభై లైన్లుండేవి. హెడ్‌సెట్ పెట్టుకుంటే ప్రతి లైనులోనూ సన్నగా ఒక హోరు వినిపిస్తూ ఉండేది. కొత్తగా చేరిన పిల్లలు, ఈ గోలేంటి మేడం, తీయించెయ్యండి అనేవాళ్లు. నేను చెప్పేదాన్ని. అవతల మనిషి మాట్లాడకపోయినా లైను బతికే ఉందని తెలిసేది ఆ హోరుతోనే. హోరు ఆగిందంటే లైను తెగిందని అర్థం. నీ మిషను పెట్టుకుంటే నాకు ఇంట్లో అన్ని లైన్లూ తెగిపోయినట్టే ఉందమ్మా.”

కోడలు లేచి బాల్కనీలోకి వెళ్లింది.

ఆమెకు తన పరీక్షగది గుర్తొచ్చింది. గోడలకు మందంగా స్పాంజి అతికించిన గది. అందులో ఒక కుర్చీ, ఒక స్పీకరు. స్పీకర్లోంచి రికార్డు చేసిన గొంతు ‘బల్ల, గిన్నె, తలుపు’ అని చదువుతుంటే, వెనక నుంచి బజారు గోల వదిలేవారు. కూర్చున్న మనిషి ఏం వినపడిందో చెప్పాలి. వడపోత లేకపోతే వందకు అరవై ఒకటి, ఉంటే తొంభై నాలుగు. ఆ తొంభై నాలుగు వచ్చిన రోజు ఆఫీసులో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ గదిలో ఎవరూ కాపురం ఉండరని అప్పుడు తట్టలేదు. బల్ల అన్న మాట వినపడింది సరే, బల్ల జరిపిన చప్పుడు వినపడిందా అని ఎవరినీ అడగలేదు.

కోపం దిగిపోయింది. దాని చోట బాధ వచ్చింది. ఆ బాధలో కూడా ఎక్కడో ఒక మూల కుతూహలం మొదలైంది. ఇంజనీర్లతో వచ్చే చిక్కే అది.

పది నిమిషాల తర్వాత ఆమె లోపలికొచ్చి కంప్యూటరు తెరిచింది. అత్తగారి మిషనులో వడపోతను పూర్తిగా ఆపేసింది.

“ఒక్కసారి పెట్టుకోండి అత్తయ్యా. ఇప్పుడు ఏమీ తీయడం లేదు.”

అత్తగారు పెట్టుకున్నారు. కళ్లు పెద్దవి చేశారు. కొడుకు చేతిలో కత్తి పలక మీద టకటకలాడింది. ఫ్రిజ్జు గుర్రుమంది. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. ఆవిడ మొహం వికసించింది. అంతలోనే పేపరు తీయబోతే ఆ గరగరకు చెవి మూసుకున్నారు.

“అమ్మో! పేపరు కూడా అరుస్తుందా?”

“అమ్మా, కూరలో కారం ఎంత వేయమంటావు?” అని కొడుకు కుళాయి తిప్పి ఉంచి అడిగాడు.

“ఏమిటీ? భారమా?”

అదీ అసలు చిక్కు. వడపోత ఉంటే మాట ఉంది, ఇల్లు లేదు. వడపోత తీసేస్తే ఇల్లుంది, మాట లేదు.

ఆ తర్వాత మూడు గంటలు ఆ ఇంట్లో వంట సాగలేదు. కోడలు కంప్యూటరు ముందు కూర్చుని వడపోతను మెట్టు మెట్టుగా తగ్గిస్తూ పెంచుతూ పోయింది. చప్పుళ్ల బాధ్యత కొడుకుది. కుళాయి తిప్పమంటే తిప్పాడు, గిన్నెలు కొట్టమంటే కొట్టాడు, కుర్చీ ఈడ్చమంటే ఈడ్చాడు. మధ్యలో మాటలు చెప్పాలి. లెక్కల మాస్టారు కాబట్టి ఎక్కాలు అందుకున్నాడు.

“పదమూడు ఏడులు?”

“తొంభై ఒకటి. ఇది వినపడింది. కానీ కుళాయి మళ్లీ చచ్చిపోయింది. కొంచెం బతికించు అమ్మాయీ.”

“ఇప్పుడు?”

“ఇప్పుడుంది. దూరంగా ఉంది, కానీ ఉంది. అదిగో, కింద ఎవరో చీపురుతో ఊడుస్తున్నారు!” అత్తగారు చీపురు చప్పుడు విని అంత సంబరపడటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. “చాలు, అక్కడే ఆపు. ముట్టుకోకు.”

హోరును మొత్తం తీసేయకుండా మూడో వంతు మిగిల్చినచోట ఆగింది తెర మీద ముల్లు. ఆ మెట్టు దగ్గర అత్తగారికి కొడుకు ఎక్కాలూ వినపడ్డాయి, అతను ఏ మూల నిలబడి చెబుతున్నాడో కూడా తెలిసింది. అయితే ముగ్గురూ కలిసి బజారు దాకా నడిచి వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. బండ్ల రద్దీలో ఆ మూడో వంతు కూడా ఎక్కువే. అక్కడ పూర్తి వడపోత కావాలి. ఇంటికొస్తే మళ్లీ మూడో వంతు కావాలి.

“అయితే నాకొక బటన్ కావాలి,” అన్నారు అత్తగారు మెట్లెక్కుతూ. “బోర్డు మీద ఏ లైను ఎప్పుడు కలపాలో నిర్ణయించింది నేను. నా చెవికి మాత్రం మీ ఆఫీసులో కూర్చుని మీరు నిర్ణయిస్తారేం?”

బటన్! కోడలు నీరసంగా నవ్వింది. ఆరు నెలల కిందట ఆ బటన్‌ను తీయించిందే తాను. బటన్ పెడితే డొప్ప ఒకటిన్నర మిల్లీమీటరు లావవుతుంది. దాని సందులోంచి చెమట లోపలికి దిగుతుంది. ‘చెవి వెనక కనపడనంత చిన్నది’ అని డబ్బా మీద రాయలేరు. తన వడపోత అన్నీ చూసుకుంటుంది, ఇక మనిషి చెయ్యి ఎందుకు అనుకుంది.

మధ్యాహ్నం ఆమె బ్యాటరీ బాబాయికి ఫోన్ చేసింది. ఆఫీసులో అందరికంటే పెద్దవాడు. మిషనుకు తిండి పెట్టే విభాగం ఆయనది కాబట్టి ఆ పేరు. సంగతంతా విని ఆయన చాలాసేపు పలకలేదు.

“బాబాయ్, ఉన్నారా?”

“ఉన్నానమ్మా, లెక్క వేస్తున్నాను. నీ వడపోత ఎంత తింటుందో తెలుసా? నేనిచ్చే కరెంటులో సగం అదే మింగుతోంది. దాని కోసమే ఆ పెద్ద బ్యాటరీ. ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని మూడింట రెండు వంతుల పనికి దింపేస్తే తిండి తగ్గుతుంది. తిండి తగ్గితే ఒక సైజు చిన్న బ్యాటరీ సరిపోతుంది. ఆ మిగిలిన చోట్లో నీ బటన్ కూర్చుంటుంది.”

“డొప్ప లావు కాదా?”

“అర మిల్లీమీటరు అవుతుంది. బటన్ చుట్టూ రబ్బరు వాషరు వేస్తే చెమట సంగతి నేను చూసుకుంటాను. కాకపోతే, పొద్దస్తమానం బజార్లో తిరిగేవాడికి నాలుగో రోజుకే ఛార్జింగు అయిపోతుంది. అన్నీ మనకే కావాలంటే కుదరదమ్మా.”

కోడలు ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి అత్తగారు గుమ్మంలో ఉన్నారు. చెవికి మిషనుంది.

“నువ్వు కాళ్లీడుస్తూ నడుస్తావని నాకిప్పుడే తెలిసింది,” అన్నారు ఆవిడ. “మూడేళ్ల నుంచీ ఉంటున్నావు ఈ ఇంట్లో.”

ఆ సాయంత్రం ఆరూ నలభై దాటింది. ఏడూ దాటింది. మిషను అత్తగారి చెవికే ఉంది. కోడలు ఆవిడను ఎలా వినిపిస్తోందని అడగలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీటింగు గదిలో మేనేజరు మేడం, బాబాయి, కోడలు. బల్ల మీద ఇరవై నోటుపుస్తకాలు, ఇరవై మిషన్లు. పక్కనే అచ్చు ఆర్డరు కాగితం. సంతకం ఒక్కటే తక్కువ.

కోడలు ఏదీ దాచలేదు. ఏడో నంబరు పుస్తకం అబద్ధమని చెప్పింది. ఎందుకు అబద్ధమో చెప్పింది. ఆదివారం కనుక్కున్న మెట్టు చూపించింది. బటన్‌తో కొత్త డొప్ప బొమ్మ గీసి తెచ్చింది.

మేడం చెడ్డ మనిషి కాదు. పనిలో నిక్కచ్చి, అంతే. అంతా విని, పెన్ను మూత పెట్టారు.

“షాపుకొచ్చినవాడు మన మిషను రెండు నిమిషాలు పెట్టుకుని చూస్తాడమ్మా. ఆ రెండు నిమిషాల్లో మాట స్పష్టంగా వినపడాలి, అద్దంలో మిషను కనపడకూడదు. వాడేం ఇల్లు వెంటబెట్టుకుని షాపుకి రాడు కదా, ఇల్లు వినపడిందో లేదో చూసుకోవడానికి.”

“కొని, మూడో రోజు డ్రాయర్లో పడేస్తే మేడం?”

“పడేసింది ఒక్క ఇంట్లో. అదీ మీ ఇంట్లో. ఒక్క అత్తగారి కోసం అచ్చు మార్చానని పైవాళ్లకు చెప్పమంటావా?”

“అయితే మిగతా పంతొమ్మిదీ కూడా చూద్దాం,” అంది కోడలు.

ఒక్కొక్క మిషనే కంప్యూటరుకు తగిలించారు. మూడో నంబరు రోజుకు రెండు గంటలు. తొమ్మిదో నంబరు నలభై నిమిషాలు. పదకొండో నంబరు సరిగ్గా టీవీలో వార్తలొచ్చే సమయం. పుస్తకాల్లో మాత్రం అందరూ ‘బాగుంది’, ‘చాలా బాగుంది’, ‘ధన్యవాదాలు’. మేడం మొహంలో రంగు నెమ్మదిగా మారుతోంది. ఊరికే ఇచ్చిన వస్తువును బాగాలేదనడానికి ఇంతమందికి నోరు రాలేదన్నమాట.

పద్నాలుగో నంబరు దగ్గర కోడలి చెయ్యి ఆగిపోయింది. రోజుకు పదహారు గంటలు. ఇరవై ఒక్క రోజులూ అంతే. నిద్రపోయేటప్పుడు తప్ప తీయలేదు. నోటుపుస్తకంలో చూస్తే ఒక్క అక్షరం లేదు. ఇంకా కిందికి చూసింది. వడపోత రెండో రోజు నుంచీ ఆపేసి ఉంది.

“దీన్ని ఎవరు ఆపారు?” అంది కోడలు.

బాబాయి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “నేనేనమ్మా. ఆయన మర్నాడే వచ్చారు. మాటలు నాకెలాగూ పెదాలు చూసి తెలుస్తాయి, ఇంట్లో మనిషి తిరుగుతున్న అలికిడి వినపడితే చాలు అన్నారు. తీసేసి ఇచ్చాను. మొన్న పరీక్ష అయ్యాక ఇది వెనక్కి తీసుకుంటే, ఒక్క పూట కూడా ఉండలేనన్నారు, అలాంటిదే ఇంకోటి చెవికి పెట్టి పంపాను. ఒక్కరి మాట పట్టుకుని నీ పనికి వంక పెట్టడమెందుకని నీకు చెప్పలేదు. తప్పు నాదే.”

మేడం నిటారుగా కూర్చున్నారు. “ఆయన్ని పిలిపించండి. ఇదే మాట నా ఎదురుగా చెబితే అచ్చు ఆపేస్తాను. బటన్ కూడా ఒప్పుకుంటాను.”

“ఎవరో బయటికి చెప్పనని మాటిచ్చాను మేడం,” అన్నారు బాబాయి.

“పేరొద్దు లెండి. ఫోన్ నంబరుంటుందిగా.” మేడం బాబాయి ముందున్న జాబితా చనువుగా లాక్కున్నారు. పద్నాలుగో వరసలో పేరు లేదు, ఫోన్ నంబరే ఉంది. ఆవిడ తన ఫోను తీసి ఒక్కో అంకే నొక్కడం మొదలుపెట్టారు. బాబాయి ఏదో అనబోయి ఆగిపోయారు.

ఐదో అంకె నొక్కగానే మిగతా అంకెలు ఫోనే పూర్తిచేసింది. పైన పేరు కూడా చూపించింది.

‘మా ఆయన.’

మేడం ఆ రెండు మాటల వైపు చూస్తూ ఉండిపోయారు. రెండేళ్లుగా మూడుసార్లు చేస్తే గానీ ఫోనెత్తని మనిషి, ఈ మూడు వారాలుగా మొదటి రింగుకే ఎత్తుతున్నాడు. తన మీద మళ్లీ శ్రద్ధ పుట్టిందని ఆవిడ లోలోపల మురిసిపోయారు. చెవుల మీదికి జుట్టెందుకు పెంచుతున్నావని మొన్ననే వేళాకోళం కూడా చేశారు. వేలు జారి పచ్చగుర్తు మీద పడింది.

మొదటి రింగుకే ఎత్తాడు. గదిలో నిశ్శబ్దంగా ఉండటం వల్ల ఆ గొంతు బల్ల ఇవతలి దాకా వినపడింది.

“ఆఁ, చెప్పు.”

మేడం నోరు తెరిచారు. మాట రాలేదు. కోడలూ బాబాయీ ఎటు చూడాలో తెలియక పుస్తకాల వైపు చూశారు.

“మాట్లాడవేం?” అంది అవతలి గొంతు, మెల్లగా. “నీ ఊపిరి వినిపిస్తోంది నాకు. ఏడుస్తున్నావా?”